పాప పాకుతున్న ఇంట్లో మెట్లు, తలుపులు

మా పాప పాకడం మొదలుపెట్టినప్పటి నుంచి, కొంపల్లిలోని మా డూప్లెక్స్ ఇంటి మెట్లను, తలుపులను మేము ఒక్కొక్కటిగా పరిశీలిస్తున్నాము. గోడల మధ్య ఒత్తిడితో మాత్రమే నిలిచే గేటు మెట్ల కింది భాగానికి సరిపోతుంది గానీ, పైభాగంలో అది ప్రమాదకరం, ఎందుకంటే బిడ్డ బలంగా ఆనుకుంటే గేటుతో సహా కిందికి పడిపోవచ్చు. అందుకే పైన స్క్రూలతో గోడకు బిగించే గేటునే, మెట్ల వైపు తెరుచుకోకుండా పెట్టించాము.

రెయిలింగ్ విషయంలో మరింత ఆలోచించవలసి వచ్చింది. కడ్డీల మధ్య సందు 10 సెంటీమీటర్లకు మించితే పసిపిల్లల శరీరం అందులోంచి దూరి తల ఇరుక్కునే అవకాశం ఉంది. హైదరాబాద్ కొత్త ఇళ్లలో తరచుగా కనిపించే అడ్డకడ్డీల స్టీలు రెయిలింగ్ చూడడానికి ఎంత అందంగా ఉన్నా, పిల్లలకు అది నిచ్చెనలా పనికొస్తుంది. పసిపిల్లలున్న ఇంటికి నిలువు కడ్డీలే మేలని నా దృఢమైన అభిప్రాయం. మా ఇంట్లో ఉన్నవి అడ్డకడ్డీలే కాబట్టి, లోపలి వైపు యాక్రిలిక్ పలకలు బిగింపించాము.

తలుపు విషయంలో అందరి దృష్టీ గడియ వైపే ఉంటుంది, కానీ బందుల వైపు సందులో పడిన వేలు చాలా తీవ్రంగా నలుగుతుంది. ఈదురుగాలికి బాల్కనీ తలుపు పూర్తిగా మూసుకోకుండా దాని పై అంచుకు ఫోమ్ ముక్క తొడిగాము. నీళ్ల బకెట్లు ఉండే స్నానాలగదికి బయట, పాపకు అందని ఎత్తులో గడియ పెట్టించాము. పాప లోపల ఉండి వేసుకునే ప్రమాదం ఉందని, లోపలి వైపు కింది గొళ్లెం తీయించమని మా అత్తయ్యగారు సూచించారు. బోయిన్‌పల్లిలో మా అమ్మగారింటి డాబా మెట్లకు కూడా ఇలాంటి గేటు చేయమని వెల్డింగ్ పనివారికి కొలతలు ఇచ్చాము.