పన్నెండో బారు

నిన్న ల్యాబ్‌లో బలం పరీక్షించడానికి పన్నెండు బార్లు వంచి విరిచాను. జిర్కోనియం డైబోరైడ్ అనే సిరామిక్ పొడిలో 20 శాతం సిలికాన్ కార్బైడ్ కలిపి, గ్రాఫైట్ అచ్చులో 1900 డిగ్రీల దగ్గర హాట్ ప్రెస్ చేసినవి, అంటే వేడి చేస్తూ గట్టిగా నొక్కినవి. ఒక్కోటీ 3 మి.మీ. మందం, 4 మి.మీ. వెడల్పు, 45 మి.మీ. పొడవు. చూడ్డానికి అగ్గిపుల్లకి అన్నలా ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే మామూలు రాయికి రెట్టింపు బరువు.

3000 డిగ్రీలు దాటినా జిర్కోనియం డైబోరైడ్ కరగదు. కానీ గది వేడిలోనే వంచితే టప్‌మని రెండు ముక్కలవుతుంది. ఉక్కులా ముందు వంగి మనకి చెప్పదు.

పదకొండు బార్లు 500 మెగాపాస్కల్స్ (ఒత్తిడికి కొలత) పైనే తట్టుకున్నాయి. ఒక్కటి మాత్రం 310కే పోయింది. రాత్రంతా టెన్షన్, నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఆ బారు విరిగిన ముఖాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టాను. వంచినప్పుడు సాగే వైపు అంచుకి కాస్త లోపల, లేత బూడిదరంగులో నల్లటి మచ్చ. సిలికాన్ కార్బైడ్ రేణువులన్నీ ఒకచోట గుంపుకట్టాయి. తల వెంట్రుకంత మందం ఉంటుందేమో, పగులు అక్కడే పుట్టింది.

పొడులు కలిపిన రోజు గుర్తొచ్చింది. స్లర్రీని, అంటే పొడులు ద్రవంలో కలిసిన ముద్దని, కలుపుతూ ఆరబెట్టాల్సింది, కదపకుండా వదిలేశాను. బరువైన బోరైడ్ అడుక్కి దిగుతుంది, తేలికైన కార్బైడ్ పైన మిగులుతుంది. ఎన్నిసార్లు చదివానో ఈ మాట! కళ్ళారా చూడటం ఇదే మొదటిసారి.

ఆ రెండు ముక్కల్నీ దూదిలో చుట్టి డబ్బాలో పెట్టి తేదీ రాశాను. సోమవారం కొత్త బ్యాచ్. ఈసారి ఆరేదాకా పక్కనే ఉంటాను.