5.1 దగ్గర ఏమీ లేదు

పదకొండున్నర దాటింది, ఆ బిళ్ళ రంగు కళ్ళలోంచి పోవట్లేదు. పాలీఐసోప్రీన్ రబ్బరుని రంగులేని, వేడికి ఆగే ప్లాస్టిక్‌గా మార్చబోతే వచ్చిన బిళ్ళ అది. రూపాయి బిళ్ళంత ఉంటుంది, మిల్లీమీటరు మందం. తెల్లకాగితం మీద పెడితే పల్చటి పెసరకట్టు. వేడికి బాగానే ఆగుతోంది, డీఎస్‌సీలో (ఎంత వేడికి మెత్తబడుతుందో చూపే పరికరం) వంద డిగ్రీలు దాటాకే మెత్తబడింది. ఆ సంతోషం పది నిమిషాలే.

మొదట తిట్టుకున్నది బీహెచ్‌టీని. రబ్బరు ముద్ద పాడవకుండా కంపెనీవాళ్ళే కలిపి పంపుతారు, అది ఆక్సిడైజ్ అయితే పసుపురంగు క్వినోన్లు పుడతాయి. కానీ 5 గ్రాముల పాలీఐసోప్రీన్‌ని టోలూన్‌లో కరిగించి మెథనాల్‌లో పోసి, మళ్ళీ కరిగించి మళ్ళీ పోసి, రెండుసార్లు కడిగిందే కదా.

తర్వాత అనుమానం హైడ్రజైడ్ మీదకి పోయింది. ఆసిడ్ వేసి గొలుసులోని డబుల్ బాండ్లని ఉంగరాలుగా ముడేశాక (ద్రావణం చిక్కగా ఉంటే పక్క గొలుసులు కూడా ముడిపడి ఫ్లాస్కులో జెల్లీ గడ్డ మిగులుతుంది), సగం బాండ్లు మిగిలాయనుకుని లెక్క కట్టాం. ఒక్కో బాండుకి మూడింతలు, 20 గ్రాముల టోసిల్ హైడ్రజైడ్. జైలీన్‌లో 135 డిగ్రీలు, నైట్రోజన్ కింద. అది వేడికి విరిగి డైఇమైడ్ ఇస్తుంది, మిగిలిన బాండ్లకి హైడ్రోజన్ ఎక్కించేది అదే. దాంతోపాటు సల్ఫినిక్ ఆసిడ్ కూడా వస్తుంది, ఊరుకుంటే గొలుసుకే తగులుకుంటుంది. అందుకే దాన్ని పట్టేసే క్షారం, సరిసమానంగా ట్రైప్రొపైలమీన్ 21 మిల్లీలీటర్లు. ఫ్లాస్కు మూడో వంతే నింపాలి, లేకపోతే పాలు పొంగినట్టు నురగ కండెన్సర్‌లోకి ఎక్కేస్తుంది. అన్నీ సరిగ్గానే జరిగాయి.

ఉంగరాల గొడవ లేకుండా నేరుగా హైడ్రోజన్ ఎక్కించేస్తే పోయేది కదా అని ఇంకా అడుగుతుంటారు. పాలీబ్యూటడయీన్ అనే ఇంకో రబ్బరుతో అలాగే చేస్తే వేడి మీద ద్రావణం గాజులా మెరిసింది, చల్లారేసరికి ఫ్లాస్కు నిండా పెరుగు. గరిటెతో తీస్తే కొవ్వొత్తి మైనంలా ఊడొచ్చింది. కాక మరేమవుతుంది? 1,4 గొలుసులో (డబుల్ బాండ్లు వెన్నులోనే ఉండే రకం) బాండ్లు మూసేస్తే మిగిలేది అచ్చంగా పాలిథీన్, స్ఫటికాలు కట్టి వెలుతుర్ని చెదరగొడుతుంది. 1,2 రకం (బాండ్లు పక్క కొమ్మల్లో ఉండేది) ఎక్కువున్న రబ్బరు తీసుకుంటే పక్క కొమ్మలు అడ్డొచ్చి స్ఫటికాలు కట్టవు, పారదర్శకంగానే వస్తుంది, కానీ గది వేడికే జీడిపాకంలా సాగుతుంది. గొలుసు వెన్నులోనే ఉంగరాలుంటే తప్ప అది మెలికలు తిరగడం మానదు. మైనం మైనమే, కనీసం అబద్ధం చెప్పలేదు.

అబద్ధం చెప్పింది ప్రోటాన్ ఎన్ఎమ్ఆర్, అణువులోని హైడ్రోజన్లని శిఖరాలుగా చూపే పరీక్ష. 5.1 పీపీఎం దగ్గర డబుల్ బాండు హైడ్రోజన్ శిఖరం మాయమైందని "పూర్తయింది" అని నోట్‌బుక్‌లో రాసేశాను. ఉంగరాల్లో మిగిలే డబుల్ బాండ్లు ఎక్కువగా నాలుగు వైపులా కార్బన్లున్నవి. వాటి మీద హైడ్రోజనే లేదు, ఇక 5.1లో ఏం కనబడుతుంది! డైఇమైడ్ కూడా అలాంటి కిక్కిరిసిన బాండుని దాదాపు ముట్టుకోదు. అవన్నీ అలాగే ఉండిపోయి, బిళ్ళ నొక్కే ప్రెస్‌లో వేడికి కాస్త గాలి తగలగానే పసుపెక్కాయి. 1.6 దగ్గర అలాంటి బాండుకి తగులుకున్న మెథైల్ గుట్ట ఒకటి కనిపించింది కూడా. చూసి, ఏదో సాల్వెంట్ అనుకున్నాను.

అంటే హైడ్రజైడ్ తప్పు లేదు, దాన్ని చేయలేని పనికి పంపించాను. పల్లాడియం, పీడనం కింద హైడ్రోజన్ కావాలేమో. దానికి ముందు 125 నుంచి 135 పీపీఎం మధ్య, ఆ బాండ్ల కార్బన్లు కనబడే చోట, ఏమైనా ఉందేమో కార్బన్ ఎన్ఎమ్ఆర్‌లో చూడాలి. ఆ స్కాన్‌కి రాత్రంతా పడుతుంది, సాయంత్రం పెట్టి రావాల్సింది. ప్రోటాన్ చూసి మురిసిపోయి ఇంటికొచ్చేశాను.