పచ్చ లైటు కనబడకపోతే కన్ను కదపకండి

కళ్లజోడు లేకుండా చూపు సరిచేసే లాసిక్ ఆపరేషన్‌లో సైట్ తగ్గించేది ఫెమ్టోసెకండ్ లేజర్ కాదు. అది చేసేది కోత మాత్రమే. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) పైభాగం పల్చని మూతలా లేవడానికి లోపల కోసి పెడుతుంది. ఆ మూతను ఫ్లాప్ అంటాం. ఫ్లాప్ తెరిచాక అడుగున చెక్కి పవర్ సరిచేసేది 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజర్. స్మైల్ అనే మరో పద్ధతిలో ఎక్సైమర్ ఉండదు, లేజర్ పనంతా ఫెమ్టోదే: కార్నియా లోపలే లెంటిక్యూల్ అనే పల్చని కటకం లాంటి ముక్కను కోస్తుంది, దాన్ని చిన్న గాటులోంచి బయటికి తీస్తాం.

సెకనును పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఫెమ్టోసెకండ్. ఒక్కో పల్స్ కొన్ని వందల ఫెమ్టోసెకండ్లు ఉంటుంది. సుమారు 1050 నానోమీటర్ల ఈ పరారుణ కాంతి కార్నియా గుండా అలాగే వెళ్లిపోయి, ఫోకస్ కుదిరిన బిందువు దగ్గర మాత్రం చిన్న గ్యాస్ బుడగ పుట్టిస్తుంది. అలాంటి బుడగలు లక్షల్లో పక్కపక్కనే పడితే అదే కోత. పాత మచ్చ ఉన్నచోట కాంతి చెదిరిపోయి పొరలు అతుక్కునే ఉండిపోతాయి.

ఫ్లాప్‌ను బ్లేడుతో కోయడంతో పోలిస్తే దీని విలువ ఎక్కడుందో ఒక లెక్కలో చూద్దాం. కార్నియా మందం 490 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), సైట్ మైనస్ 8 అనుకోండి. చెక్కే జోన్ 6 మిల్లీమీటర్ల వెడల్పైతే సైట్‌లో ఒక్కో డయాప్టర్‌కు రమారమి 12 మైక్రాన్లు చెక్కాలి, అంటే 96. ఫెమ్టోతో 110 మైక్రాన్ల ఫ్లాప్ తీస్తే అడుగున 284 మిగులుతుంది. బ్లేడు ఫ్లాప్ 160కి వెళ్లిందంటే మిగిలేది 234, కనీసం ఉండాల్సిన 250కి తక్కువ. అలాగని 284 చూసి నిశ్చింతగా ఉండకూడదు. ఫ్లాప్, చెక్కుడు కలిపి 206 మైక్రాన్లు, మొత్తం మందంలో 42 శాతం. 40 దాటితే తర్వాత కార్నియా ఉబ్బే ముప్పు పెరుగుతుంది. ఈ కంటికి లాసిక్ వద్దనే నేనంటాను, టోపోగ్రఫీ (కార్నియా వంపుల పటం) ఎంత బాగున్నా సరే.

ఫెమ్టోతో వచ్చే చిక్కులు ఎక్కువగా కాంతి వల్ల కాదు, బుడగల వల్ల, సక్షన్ (కంటిని యంత్రానికి అంటిపెట్టి ఉంచే పీల్పు) వల్ల. గ్యాస్ బయటికి పోయే దారి లేకపోతే పక్క పొరల్లోకి చొరబడి తెల్లగా కమ్ముకుంటుంది. దాంతో కంటి కదలికను అనుసరించే ఎక్సైమర్ ట్రాకర్‌కి కంటిపాప దొరకదు. కాసేపు ఆగితే చాలావరకు అదే తగ్గుతుంది. గ్యాస్ పైకి చీల్చుకుని ఎపిథీలియం (కార్నియా మీది పైపొర) కిందికి వస్తే మాత్రం ఫ్లాప్ ఎత్తకూడదు. ఎత్తితే అక్కడ చిల్లు పడుతుంది. ఆ రోజుకి ఆపేసి, కన్ను మానాక మళ్లీ ఆలోచించాలి.

స్మైల్‌లో అసలు పరీక్ష సక్షన్‌ది. ముందు లెంటిక్యూల్ కింది పొర కోస్తారు, తర్వాత అంచు, ఆ తర్వాత పై పొర, చివర 2 నుంచి 4 మిల్లీమీటర్ల చిన్న గాటు. పై పొర ముందు కోస్తే దాని బుడగలు కిందికి వెళ్లే కాంతిని అడ్డుకుంటాయి, అందుకే ఈ వరస. 500 కిలోహెర్ట్జ్ యంత్రంలో ఇదంతా సుమారు అర నిమిషం. కింది పొర కోత నడుస్తుండగా బుడగలు మధ్యకు చేరేసరికి పేషెంటుకు కనబడుతున్న పచ్చ లైటు మసకబారి మాయమవుతుంది. అప్పుడు లైటు ఏదీ అని కన్ను అటూ ఇటూ తిప్పితే సక్షన్ ఊడిపోతుంది. ఈ మాట బల్ల మీద పడుకోబెట్టాక కాదు, ముందే కూర్చోబెట్టి చెప్పాలి: "లైటు పోతుంది, పోయినా వెతక్కండి, అలాగే చూస్తూ ఉండండి."

కింది పొర పది శాతం లోపు కోసినప్పుడు సక్షన్ ఊడితే మళ్లీ మొదలుపెట్టొచ్చు. అది దాటాక ఊడితే అదే లోతులో కోత రెండోసారి కచ్చితంగా కలవదు. స్మైల్ ఆపేసి లాసిక్‌కో, ఫ్లాప్ లేకుండా కార్నియా పైనుంచే చెక్కే ఉపరితల పద్ధతికో మారడం మేలు. పై పొర కోతలో ఊడితే ఆ కోత మట్టుకు తిరిగి చేయొచ్చు.

కంటికి ఆనించే యంత్రపు గాజు కోన్‌కీ కార్నియాకీ మధ్య రెప్పల జిడ్డో, నీటి బుడగో ఉండిపోతే ఆ నీడ కింద కోత పడక నల్ల మచ్చలు కనబడతాయి. డాకింగ్‌కి, అంటే కోన్‌ను కంటికి ఆనించడానికి, ముందు రెప్పలు శుభ్రం చేయడం, కంటి మీద నీరు మరీ ఎక్కువగానో తక్కువగానో లేకుండా చూడటం ముఖ్యం.

లెంటిక్యూల్ తీసేటప్పుడు స్పాచులా అనే సన్నని పరికరంతో ముందు పై పొర విడదీయాలి. తెలియక కింది పొరలోకి దిగితే లెంటిక్యూల్ పైనున్న కార్నియాకు అంటుకుపోయి, దాని అంచు దొరకడమే కష్టమవుతుంది. బయటికొచ్చిన ముక్కను కార్నియా మీద పరిచి, అంచు చుట్టూ తెగకుండా ఉందో లేదో చూడాలి. లోపల చిన్న తునక మిగిలిపోయినా క్రమంలేని సిలిండర్ (కార్నియా వంపు తేడాతో వచ్చే చూపు లోపం) వస్తుంది, దానికి కళ్లజోడు కూడా పనిచేయదు.