కొత్త ఉద్యోగులకు యంత్రానికి తాళం వేయడం నేర్పిన నా అనుభవం

నిన్న సాయంత్రం మళ్ళీ పెట్టిన పరీక్షలో 12 మంది కొత్త ఉద్యోగులూ నెగ్గారు. ఆ సంతోషం చల్లారకముందే రాస్తున్నాను.

మరమ్మతుకు ముందు యంత్రానికి కరెంటు ఆపి, ఎవరూ మళ్ళీ ఆన్ చేయకుండా స్విచ్‌కు తాళం వేసి, హెచ్చరిక చీటీ కట్టడం కొత్త ఉద్యోగులకు నేర్పడం నా పని. పాత శిక్షణ అంటే ఆరు గంటల స్లైడ్లు, చివర ఒక సంతకం. ఇప్పుడు చేరుతున్నవాళ్ళంతా 20, 22 ఏళ్ళవాళ్ళు కాబట్టి వాళ్ళకు తగ్గట్టు మార్చమన్నారు. అనుమతి ఒక్క రోజులో వచ్చేసింది.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఈ తరానికి రెండు నిమిషాలకు మించి ఓపిక ఉండదంటూ మానవ వనరుల విభాగం బొమ్మల వీడియోలు, పాయింట్లు, బ్యాడ్జీలు తెప్పించింది. నేనూ తల ఊపాను. ఫోనులో క్విజ్ పెడితే అందరికీ నూటికి నూరు! ఆ అంకెలు చూసి ఆ విభాగంవాళ్ళు మురిసిపోయారు.

వారం తర్వాత ప్లాంటు మేనేజరు వచ్చి, యంత్రం దగ్గర చేసి చూపించమన్నారు. మొదటి అబ్బాయి స్విచ్ ఆపాడు, తాళం వేశాడు, చీటీ కట్టాడు, వెంటనే యంత్రం రక్షణ తొడుగు (గార్డు) మీద చెయ్యి వేశాడు. స్టార్ట్ బటన్ నొక్కి యంత్రం కదలడం లేదని చూసుకోలేదు. గొట్టంలో గాలి వదలలేదు. గాలి ఒత్తిడి చూపే గేజి ముల్లు సున్నాకు రాలేదు, ఇంకా 6 దగ్గరే ఉంది. కరెంటు లేకపోయినా ఆ గాలి చాలు, గాలి ఒత్తిడితో కదిలే సిలిండరు ముందుకు దూకి వేళ్ళు నలిపేస్తుంది. నేనే అరిచి ఆపాను. 12 మందిలో 9 మంది అదే తప్పు చేశారు. "మీరు నేర్పింది ఇదేనా?" అని మేనేజరు అందరి ముందూ అడిగారు. నా నోట మాట రాలేదు.

ఆ రోజు ఒక అమ్మాయి వచ్చి, "సార్, గాలి ఎందుకు వదలాలో వీడియోలో చెప్పలేదు. మమ్మల్ని యంత్రం దగ్గరికి తీసుకెళ్ళండి, చాలు" అంది. ఆ మాటతోనే అంతా మార్చాను. ముందు కారణం చెప్పడం, ఒకసారి చేసి చూపడం, వాళ్ళ చేత చేయించడం, వదిలేయకుండా మళ్ళీ వెళ్ళి చూడడం. ఇది నా కొత్త కల్పన కాదు. 1940లలో అమెరికా యుద్ధకాలపు ఫ్యాక్టరీలలో కొత్త కార్మికులకు పని నేర్పిన పద్ధతీ ఇదే. నేర్చుకున్నది మొదటి గంటల్లోనే ఎక్కువగా జారిపోతుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లోనే రాశాడు. అందుకే మూడో రోజున, పదో రోజున మళ్ళీ చేయించాను. మరిచిపోవడానికి వయసుతో పనేముంది?

ఫోను పనికిరాదని అనను. దశల జాబితా యంత్రం పక్కన ఫోనులో చూసుకోవడం వాళ్ళకు బాగా కుదిరింది. కానీ మీ దగ్గర ఎవరైనా క్విజ్ మార్కులు చూపించి శిక్షణ పూర్తయిందంటే, ఆ నేర్చుకున్నవాళ్ళను ముందు యంత్రం దగ్గర నిలబెట్టండి.

సోమవారం కొత్త బ్యాచ్ వస్తోంది. గాలి వాల్వు పాఠం ఆ అమ్మాయే చెబుతానంది.