ఓడలో ఒక మర్యాద, లాంచీలో ఒక మర్యాద

“వీళ్ళు కూడా అంతే గట్టిగా మాట్లాడుతున్నారు కదమ్మా, మరి ఇక్కడ మనం పక్కకు ఎందుకు వెళ్ళడం లేదు?” అని మా అబ్బాయి సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో అడిగాడు. మేము అప్పుడు విజయవాడలో, బెర్మ్ పార్కు నుంచి భవానీ ద్వీపానికి వెళ్ళే లాంచీలో ఉన్నాము. చుట్టూ ఉన్న కుటుంబాలు ఫోన్లలో పాటలు పెట్టుకుని, పులిహోర పొట్లాలు విప్పి, ముక్కూ మొహం తెలియని మాకు కూడా ఒకటి అందించి, బ్యారేజీ వైపు తిరిగి ఫొటోలు తీసుకుంటున్నాయి. నేను ఆ పులిహోర తింటూ వాళ్ళతో కలిసి నవ్వుతున్నాను. ఆ నవ్వు పదకొండేళ్ళ పిల్లవాడికి అంతు పట్టకపోవడంలో వింత ఏమీ లేదు. మార్చి సెలవుల్లో మేము వెళ్ళిన క్రూజు ఓడలో ఇలాంటివాళ్ళే పక్క బల్ల దగ్గర కూర్చున్నప్పుడు, “ఇక్కడ గోలగా ఉంది, అటువైపు వెళదాం పద” అని వాడి చేయి పట్టుకుని లేపినది నేనే.

ఆ ఓడ టెక్సస్‌లోని గాల్వెస్టన్ నుంచి బయలుదేరి, మెక్సికోలోని కోజుమెల్ దీవిని చూపించి వెనక్కి తీసుకువస్తుంది. నిజానికి మా ఆయన మనసు అలాస్కా మీద ఉండేది. అయితే విదేశీ జెండాతో తిరిగే ఓడ మధ్యలో మరో దేశపు రేవును తాకకుండా అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను తిప్పకూడదని 1886 నాటి చట్టం ఒకటి ఉన్నందువల్ల, సియాటిల్ నుంచి అలాస్కా వెళ్ళే ఓడలు కెనడాలో ఆగక తప్పదు. గుంటూరు నుంచి అమెరికాలోని మా దగ్గరికి సందర్శక వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు మళ్ళీ కెనడా వీసా తీసుకోవలసి వస్తుంది. మెక్సికోకు అయితే చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా సరిపోతుంది. అందుకని గాల్వెస్టన్ ఖాయమైంది. మాలాగే లెక్క వేసుకున్న తెలుగు కుటుంబాలు ఇంకా చాలా ఉన్నాయని ఓడ ఎక్కిన తరువాత తెలిసింది.

వాళ్ళలో ఒక గుంపు అందరికంటే ముందుగా కంటపడింది. అందరికీ ముదురు నీలం టీషర్టులు, వాటి వీపుల మీద ఊరి పేరు, సంవత్సరం అచ్చు వేసి ఉన్నాయి. బఫేలో నాలుగు బల్లలు కలిపేసుకుని, ఈ చివరి నుంచి ఆ చివరికి కేకలు వేసుకుంటూ, పొడి డబ్బాలు చేతులు మార్చుకుంటూ తినేవారు. ఇంటి వంటలు ఓడలోకి తేకూడదనీ, సీలు వేసిన పొట్లాలైతే ఫరవాలేదనీ నిబంధన. అమ్మ తెచ్చిన ఆవకాయ సీలు వేసిన పొట్లంలో ఉన్నది కాబట్టి అది మర్యాదస్తుల ఆవకాయ, వాళ్ళ డబ్బాలోది కాదు అన్నట్లుగా నేను వాళ్ళను చూశాను. భోజనశాలలో మాకు వడ్డించే ముంబయి యువకుడిని ముందు రోజే అడిగి పప్పు, రొట్టెలు చేయించుకున్నప్పుడు నాకు ఏ బెరుకూ కలగలేదు. మరుసటి రోజు అదే పప్పును ఆ గుంపు పెద్దగా పిలిచి అడిగినప్పుడు మాత్రం, ఇంత దూరం వచ్చి కూడా పప్పేనా అనిపించింది.

రెండవ రోజు మా అబ్బాయి ఆ పిల్లలున్న ఈతకొలనులోకి దిగనని భీష్మించుకున్నాడు. “వాళ్ళతో కలిపి నన్ను చూస్తారు” అన్నాడు. మనవాళ్ళ గురించి అలా మాట్లాడకూడదని నేను గట్టిగానే మందలించాను. కానీ మందలిస్తున్నంతసేపూ లోపల ఒక రకమైన తృప్తి కలిగిందన్న మాటను ఇక్కడ రాయకపోతే ఈ వ్యాసం రాయడమే దండగ. నా పెంపకం వాడికి ఒంటబట్టిందని సంతోషించాను. ఆ పెంపకం ఏమిటో తేటతెల్లంగా చూడవలసి వచ్చింది మాత్రం మా గది ఉన్న వసారాలోనే.

మా వసారా చివర ఒక పెద్ద అమెరికన్ కుటుంబం దిగింది. నాయనమ్మ ఎనభయ్యవ పుట్టినరోజుకు నాలుగు తరాలవాళ్ళు కలిసి వచ్చారు. వాళ్ళకూ ఒకే రకం టీషర్టులు ఉన్నాయి, నారింజ రంగువి. ఓడ గదుల తలుపులు లోహంతో చేసినవి కాబట్టి అయస్కాంతాలతో బొమ్మలు, పేర్లు, రంగు కాగితాలు అంటించి తలుపులన్నీ పెళ్ళిపందిరిలా చేశారు. రాత్రి పదకొండింటికి కూడా ఒక గదిలోంచి మరో గదిలోకి పిలుపులు, పగలబడి నవ్వులు వినిపించేవి. తెలుగు గుంపు కంటే వాళ్ళు నెమ్మదిగా ఉన్నారని నేను ఒట్టు వేసి చెప్పలేను. మా అబ్బాయి మాత్రం ఆ తలుపుల ముందు ఆగి ఆగి చూసేవాడు. వచ్చేసారి మనమూ అయస్కాంతాలు తెచ్చుకుందాం అన్నాడు. నాకూ ఆ ముసలావిడను చూసి ముచ్చట వేసింది. ఒకే రకం చొక్కాలు, ఒకే రకం గోల. ఒకచోట ముచ్చటపడి, ఇంకొకచోట తల దించుకోవడం వాడు ఎక్కడ నేర్చుకున్నాడని నేను వేరే వెతకవలసిన అవసరం లేదు.

ఓడలో ఎవరి అలవాటు ఏ దేశానిదో చెప్పడం అనుకున్నంత సులువు కాదని కూడా అక్కడే తెలిసింది. తెల్లవారుజామునే వచ్చి నీడ ఉన్న కుర్చీల మీద తువ్వాళ్ళు పరిచి, హాయిగా ఫలహారానికి వెళ్ళిపోయేవాళ్ళు అన్ని రంగులవాళ్ళూ ఉన్నారు. ఎవరూ లేని కుర్చీ మీది వస్తువులను కొంతసేపటికి తీసివేస్తామని బోర్డు పెట్టి ఉంటుంది, దాన్ని ఎవరూ చదివినట్లు కనిపించరు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీదికి జేబురుమాలు విసిరిన ఊరిలో పుట్టిన నాకు ఆ విద్య ఒకరు నేర్పాలా? నాన్నగారి కోసం నేనూ ఒక తువ్వాలు పరిచాను. మా అబ్బాయి బోర్డు చదివి నా వైపు చూశాడు. తాతయ్యకు ఎండ పడదని చెప్పాను. నీలం చొక్కాలవాళ్ళు కూడా ఏ తాతయ్య కోసమో పరిచి ఉండవచ్చునన్న ఆలోచన నాకు ఆ క్షణంలో రాలేదు.

ఒక విషయంలో మాత్రం వాడి పట్టుదలను నేను పూర్తిగా సమర్థిస్తాను. ఓడ ఎక్కగానే ప్రతివారూ ప్రమాద సమయంలో ఎక్కడ గుమిగూడాలో వెళ్ళి చూసి, హాజరు వేయించుకోవాలి. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్తా కాంకోర్డియా ఓడ రాయికి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. అదే రోజు ఎక్కిన ప్రయాణికులు చాలామందికి అప్పటికి ఆ శిక్షణ జరగనే లేదు. ఆ తరువాతనే, ఓడ కదలడానికి ముందుగానీ కదిలిన వెంటనేగానీ ఇది ముగియాలని అంతర్జాతీయ నియమం వచ్చింది. హాజరు వేయించుకోనివారి కోసం మైకులో పదే పదే పిలుస్తున్నా మనవాళ్ళు కొందరు ఐస్‌క్రీము వరుసలోనే నిలబడ్డారు, వాళ్ళతోపాటు వేరే దేశాలవాళ్ళూ నిలబడ్డారు. మా అబ్బాయి తాతయ్యను చేయి పట్టుకుని లాక్కుపోయాడు. భవానీ ద్వీపం లాంచీలో కూడా లైఫ్ జాకెట్టు కట్టు బిగించుకోనిదే కూర్చోనన్నాడు. పక్కావిడ “కృష్ణలో మనకేమవుతుంది బాబూ” అని తన జాకెట్టును ఒళ్ళో పెట్టుకుంది. అదే నదిలో, అక్కడికి ఎంతో దూరం లేని పవిత్ర సంగమం దగ్గర, 2017 నవంబరులో పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు. వాడి మాట విని నేనూ కట్టు బిగించుకున్నాను. ఇది అమెరికా మర్యాదా తెలుగు మర్యాదా అన్న చర్చ ఇక్కడ అనవసరం.

కానీ నాన్నగారి విషయంలో ఎవరి పక్షం వహించాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆసియాలోకెల్లా పెద్దదని పేరున్న గుంటూరు మిర్చి యార్డులో ఆయన కమీషన్ కొట్టు నడిపారు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించుకున్న రైతును ఊరూ, పిల్లలూ, పంటా, అప్పూ అడగకుండా ఆయన కాటా దగ్గరికి పంపిన రోజు ఉండి ఉండదు. ఓడ సిబ్బంది చొక్కాల మీద పేరుతోపాటు దేశం పేరు కూడా ఉంటుంది. ఆయనకు అది చాలు. మా గది సర్దే ఇండోనేషియా మనిషిని వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులతో, జీతమెంత, పిల్లలెందరు, ఇంటికి ఎప్పుడు వెళ్తావు, ఎంత పంపుతావు అని ఆరా తీశారు. ఏడెనిమిది నెలల ఒప్పందం మీద వచ్చాననీ, చిన్నపిల్ల నడవడం ఫోనులో చూశాననీ అతను నవ్వుతూ చెప్పాడు. మా అబ్బాయికి తల కొట్టేసినట్లయింది. జీతం అడగకూడదు తాతయ్యా, అది అతని సొంత విషయం, అతను పనిలో ఉన్నాడు, కాదనలేడు కాబట్టి చెబుతున్నాడు అన్నాడు. ఆ చివరి మాట నన్ను ఆలోచనలో పడేసింది. ప్రయాణం ముగిశాక ప్రయాణికులు నింపే అభిప్రాయ పత్రం మీద అతని భవిష్యత్తు కొంత ఆధారపడి ఉంటుంది. ఆ నవ్వులో నాన్నగారికి చెందినదెంత, ఆ పత్రానికి చెందినదెంత అన్నది ఎవరు తేల్చగలరు? దిగే రోజు నాన్నగారు అతని చేతిలో డాలర్ల నోట్లు పెట్టారు. మనిషికి రోజుకు ఇంత అని బక్షీసు ముందే మన లెక్కలో పడిపోతుందని మనవడు వివరించినా వినలేదు. “లెక్కలో పడింది కంపెనీ ఇస్తుంది, ఇది నేను ఇస్తున్నాను” అన్నారు. అదే సమయంలో కింద కౌంటరు దగ్గర ఆ బక్షీసును తమ లెక్కలోంచి తీసేయించుకుంటున్న వరుసలో నీలం చొక్కాలూ ఉన్నాయి, నారింజ చొక్కాలూ ఉన్నాయి. మా ఆయన కూడా ఒకసారి కాలిక్యులేటరు తీసి, నా మొహం చూసి లోపల పెట్టేశారు.

నాలాంటి తల్లులకు పనికివచ్చే సలహాలు కొన్ని రాయాలని కూర్చున్నాను. బయలుదేరేముందే పిల్లలకు ఏ దేశంవారికి ఏది మర్యాదో చెప్పి ఉంచండి, తాతయ్యల తరఫున క్షమాపణలు చెప్పనివ్వకండి, మనవాళ్ళతో ఒక పూటైనా కలిసి భోంచేయండి అని. రాసినంతవరకు బాగానే ఉన్నాయి. మూడవదాన్ని నేను చివరి రోజు పాటించాను కూడా. ఆ గుంపులోని ఒక పెద్దాయన ఎంతో ఆప్యాయంగా కుర్చీ లాగి కూర్చోబెట్టి, “ఏమ్మా, గుంటూరులో ఎక్కడ మీరు?” అన్నారు. బ్రాడీపేట అన్నాను. ఎన్నో లైను అన్నారు. చెప్పాను. ఎన్నో అడ్డరోడ్డు అన్నారు. అదీ చెప్పాను. నాన్నగారు ఏం చేసేవారు, సొంత ఊరు ఏది, ఇంటిపేరు ఏమిటి అని ప్రశ్నలు ఒక్కొక్కటిగా వస్తూ ఉంటే, అవి ఎక్కడికి చేరుకుంటాయో తెలిసినదాన్ని కాబట్టి అన్నిటికీ వరుసగా జవాబు చెప్పుకుంటూ పోయాను. ఇంటిపేరు విన్న తరువాత ఆయన ఒక్క క్షణం ఆగి, “మంచిది, మంచిది” అని అబ్బాయికి స్వీటు వడ్డించారు. గదికి వచ్చాక మా అబ్బాయి, ఆయనకు మన వీధితో పనేమిటి అని అడిగాడు. ఊరికే అన్నాను.

ఆ ఊరికే అన్న జవాబు వాడికి నచ్చలేదని ఈ వేసవిలో గుంటూరు వచ్చాక అర్థమైంది. లాంచీ ప్రశ్నకు నేను నీళ్ళు నమలడం చూసి, ఇంటికి రాగానే ఆ వీధి ప్రశ్నను నేరుగా తాతయ్యను అడిగాడు. నాన్నగారు ఏమాత్రం తడుముకోకుండా, “కులం తెలుసుకోవడానికిరా” అన్నారు. యార్డులో తానూ ఇంటిపేరు, ఊరు అడిగి, అప్పు ఇవ్వవచ్చునో లేదో సగం అక్కడే తేల్చుకునేవాణ్ణని కూడా చెప్పారు. మరి ఓడలో గది సర్దే మనిషిని అవి ఎందుకు అడగలేదని మా అబ్బాయి అన్నాడు. “అతని ఇంటిపేరు చెబితే మాత్రం నాకేం తెలుస్తుంది? అందుకే పిల్లల గురించి అడిగాను” అన్నారాయన, అందులో దాచవలసినది ఏదీ లేనట్లు. అంతకుముందు వరకు ఆయన మీద జాలిపడుతూ, ఆయన తరఫున సిగ్గుపడుతూ వచ్చిన నాకు, ఆ గుంపు ఆప్యాయతలో నన్ను వెనక్కి లాగినది వాళ్ళ గోల కాదేమో, ఈ ప్రశ్నేనేమో అన్న అనుమానం మొదలైంది. అయితే లాంచీలో పులిహోర ఇచ్చినవాళ్ళు కూడా ఇంకో పది నిమిషాలు ప్రయాణం ఉంటే ఇదే అడిగేవారు, నేనూ చెప్పేదాన్నే.

తరువాత మా అబ్బాయి, మరి మనం ఏమిటి అని అడిగాడు. అమెరికాలో వాడు పుట్టినప్పటి నుంచి ఇంట్లో ఎన్నడూ పలకని ఆ మాటను నాన్నగారు, వాడి ఎత్తు చెప్పినంత మామూలుగా చెప్పేసి, పేపరు మడిచి స్నానానికి వెళ్ళిపోయారు. అంటే ఏమిటని వాడు నా వైపు తిరిగాడు. తిరుగు ప్రయాణంలో విమానంలో చెబుతానన్నాను. విమానం వచ్చే వారం. ఏం చెప్పాలో మా ఆయనను అడిగితే, సినిమాలు చూస్తూ పడుకుంటాడులే, మరచిపోతాడు అంటున్నారు. ఆ పిల్లవాడు బోర్డులన్నీ చదివే రకమని ఆయనకు ఇంకా తెలియదు.