కళ్లు పైకెత్తితే అవునని

మాది ఒడిశాలో పర్లాకిమిడి. ఉద్యోగం గుణుపురంలో, ఆదివారాలు ఇంటికి. 2019 వానాకాలంలో నాలుగు రోజులు విరేచనాలయ్యాయి. తగ్గిన వారానికి అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది. ఇంటి గుమ్మం దాటబోయి కూలబడ్డాను. మూడోరోజుకి చేతులు కూడా లేవలేదు. బరంపురం తీసుకెళ్తే గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు. రోగాన్ని ఎదిరించాల్సిన ఒంటి బలగమే దారితప్పి నరాల మీద పడుతుందట. ఐదురోజులు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు నరంలోకి ఎక్కించారు. దానికి అమ్మ గాజులు పోయాయి, ఆ లెక్కలు ఇక్కడ వద్దు.

ఊపిరి తీసే కండరాలూ నీరసించాయని వెంటిలేటర్ పెట్టారు. గొంతులో గొట్టం. అన్నీ వినపడుతున్నాయి, మాటే లేదు. నర్సు ఒడియా అక్షరాల అట్ట చూపించి, కావలసిన అక్షరం దగ్గర రెప్ప వెయ్యమంది. ఒడియా నాకొచ్చు, రెప్పే పడదు. ఈ జబ్బులో ముఖం కూడా చచ్చుబడొచ్చు. డాక్టరు "నొప్పి ఉందా?" అని అడిగి, రెండు క్షణాలు చూసి, పక్క మంచానికి వెళ్లిపోయేవాడు.

రెండోరోజు సాయంత్రం అమ్మని లోపలికి రానిచ్చారు. నా మీదికి వంగి "దాహమా నాన్నా?" అంది. ఆగింది. కనుగుడ్లు పైకెత్తాను.

"అవునంట, పెదాలు తడపండి" అంది నర్సుతో.

అది మా తమ్ముడి భాష. పుట్టినప్పుడు ఊపిరందక వాడికి సెరిబ్రల్ పాల్సీ వచ్చింది. ముప్పయ్యేళ్లుగా మాట లేదు, సొంతంగా కూర్చోలేడు. చూపు పైకెత్తితే అవును, పక్కకి తిప్పితే కాదు. ఎత్తడానికి ఒక్కోసారి పది అంకెలు లెక్కపెట్టేంత సేపు పడుతుంది. అమ్మకి ఆగడం నేర్పింది వాడే. నేనైతే "ఏరా, బాగున్నావా?" అనేసి వంటింట్లోకి పోయేవాణ్ణి. ఎన్ని జవాబులు నా వీపుకి చెప్పాడో!

ఇంటికొచ్చేసరికి చెంచా పట్టుకోలేను. ఇద్దరికీ దిండ్లు ఆనించి, పక్కపక్కన కూర్చోబెట్టి, చోడి (రాగి) జావ పట్టేది అమ్మ. గెడ్డం కాస్త దించి, మింగారని చూశాకే రెండో చెంచా. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాడితో పట్టుబడిన ఒడుపు అది, నాకూ సరిపోయింది.

ఫిజియోథెరపీతో గోడ పట్టుకుని నడవడానికి ఐదు నెలలు పట్టింది. మొదటిసారి నేనే చెంచా ఎత్తిన రోజు జావంతా చొక్కా మీద పడింది. తమ్ముడు ఒళ్లంతా బిగుసుకుపోయేలా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, సగం మూతితోనే.

చెయ్యి కుదిరాక ఒక సాయంత్రం గిన్నె తీసుకుని వాడి ముందు కూర్చున్నాను. "ఈ పూట నేను పట్టనా?" అని అడిగి, ఆగాను. చాలాసేపటికి చూపు పక్కకి తిప్పాడు. వద్దట, అమ్మే కావాలట.

మర్నాడు మళ్లీ అడిగాను.