బ్రౌన్ మాస్టారూ, అసలు బ్రౌనూ

మన బడి పాత విద్యార్థుల సంచిక కమిటీ కన్వీనర్ గారి (మనకి బుడగ గాడే) హుకుం వాట్సాప్‌లో చూశాను. "లండన్‌లో ఉన్నావు, నువ్వు రాయకపోతే ఎలారా? రెండు పేజీలు, నెలాఖరులోగా." నేనుండేది లండన్ కాదురా, లెస్టర్ అని ఎన్నిసార్లు చెప్పినా వాడికి ఇంగ్లండ్ అంటే లండనే. సరే. హెడ్మాస్టారి సైకిలు గురించీ, నీళ్ళ ట్యాంకు సంగతీ, కాలువలో తేలిన హాజరుపట్టీ గురించీ మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. పట్టీ విసిరిందెవరో ఇన్నేళ్ళయినా నా నోటి నుంచి రాదు, వాడు నిశ్చింతగా ఉండొచ్చు. నేను మనం బ్రౌన్ అని పిలుచుకున్న ఇంగ్లీషు మాస్టారి గురించీ, అసలు బ్రౌన్ గురించీ రాస్తాను.

ఆ పేరు పెట్టింది కళ్ళజోడు గాడే అని నా గట్టి అనుమానం. తెలుగు మాస్టారు మాత్రం అది సి.పి. బ్రౌన్ అనుకుని మురిసిపోయారు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన పెద్దమనిషితో, "మా పిల్లలు ఇంగ్లీషు మాస్టారిని నిఘంటుకర్త పేరుతో పిలుచుకుంటారండి, అదీ సంస్కారం" అని చెబుతుంటే వెనక బెంచీ అంతా పుస్తకాల్లో మొహాలు దాచుకున్నది గుర్తుందా?

అసలు బ్రౌన్ కువైట్ నుంచి వచ్చాడు. మాస్టారి బావమరిది వీసీఆర్‌తో పాటు తెచ్చిన కేసెట్లలో ఉన్నాడు. ఆదివారం సాయంత్రం మాస్టారి వరండాలో చాపలు, అమ్మగారి చేగోడీలు, టీవీలో 'మైండ్ యువర్ లాంగ్వేజ్' అనే ఇంగ్లండ్ హాస్య సీరియల్. అందులో రకరకాల దేశాలవాళ్ళకి ఇంగ్లీషు నేర్పే మాస్టారే మిస్టర్ బ్రౌన్. ఎన్ని చేతులు మారి కాపీ అయిన కేసెట్టో, బొమ్మ మీద ఎప్పుడూ వాన పడుతుండేది, పైభాగం ఒక పక్కకి ఒరిగిపోయి రంజీత్ సింగ్ తలపాగా కిటికీలోకి సాగేది. మనకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అవతల జనం నవ్వగానే మాస్టారు పాజ్ నొక్కేవారు. "ఎందుకు నవ్వారు?" అదే పాఠం. చెప్పినవాడికి ఇంకో చేగోడీ. అలీ 'ఎక్స్‌క్యూజ్ మీ' అనబోయి ప్రతివాడినీ 'స్క్వీజ్ మీ ప్లీజ్' అంటూ తోసుకుపోవడంలో నవ్వేముందో కనిపెట్టి పొట్టి సుబ్బడు ఒకే పూట ఎన్ని చేగోడీలు తిన్నాడో వాడే రాయాలి.

మనకి అలీ, రంజీత్, ఆ ఇటలీ వంటవాడు జొవానీ హీరోలు. మాస్టారికి కాదు. ఆయన చూపంతా మిస్టర్ బ్రౌన్ మీదే. "ఆ అబ్బాయి నవ్వించట్లేదురా, చూడండి. నవ్వు వచ్చే చోట కదలకుండా నిలబడుతున్నాడు. పక్కవాడి మాటకి మొహం పెట్టడం కంటే కష్టమైన వేషం లేదు." ఒకసారి క్లాసులో ఎవడో తిక్క సమాధానం చెబితే బ్రౌన్ ముందు వినడం, తరవాత అది అర్థం కావడం, ఆ తరవాత కోప్పడబోయి మానుకోవడం, ఈ మూడూ ఆ కుర్ర మొహం మీద ఎలా నడిచాయో చూపించడానికి కేసెట్టు వెనక్కి తిప్పి తిప్పి వేశారు. టేపు నలిగిపోతుందని బావమరిది నెత్తీ నోరూ బాదుకున్నా వినలేదు. కుర్రాడి పేరు బ్యారీ ఎవాన్స్ అని చివర్లో అక్షరాలు పోతుంటే చదివి నోట్సు పుస్తకం అట్ట మీద రాసుకున్నారు.

ఆ ఏటి వార్షికోత్సవంలో నాటకం పుట్టింది అక్కడే. పొడుగ్గా ఉన్నానని నాకు రంజీత్ వేషం. అక్క నారింజరంగు ఓణీ తలపాగా, గోగునార గడ్డం. ఆ గడ్డానికి రాసిన మైదా జిగురు ఆరి చెంపలు పట్టేసి, నేను 'వెయ్యి క్షమాపణలు' అన్నప్పుడల్లా సగం నోరే తెరుచుకునేది. ఫ్రెంచి పిల్ల డానియెల్ వేషానికి ఆడపిల్లలెవరూ ఒప్పుకోక పండు గాడు అప్పుడే మొలిచిన మీసం త్యాగం చేశాడు. వాడికి పెళ్ళిచూపులప్పుడు కూడా అంత కష్టం కలగలేదట. అల్లుతూ కూర్చునే జమీలాగా మాత్రం చిన్నమ్మడు వేసింది, మాట్లాడక్కర్లేదు కనక.

బ్రౌన్ వెయ్యాల్సిన లీడరు గాడికి సరిగ్గా ఆ పొద్దున జ్వరం తగిలింది. టెన్షన్‌తో వచ్చిందా, నిజంగా వచ్చిందా అనేది ఇప్పటికీ తేలని కేసు. చేసేది లేక మాస్టారే స్టేజీ ఎక్కారు. ఊరంతా ఉంది. సర్పంచి గారు ముందు కుర్చీలో నిద్రకి సిద్ధంగా ఉన్నారు. మేం తలా ఒక తిక్క మాట అంటున్నాం, మాస్టారు ఏమీ చెయ్యట్లేదు. సుద్దముక్క పట్టుకుని అలా నిలబడ్డారు, అంతే. వంతెన దాకా వినిపించింది జనం నవ్వు. అదే మనిషి మర్నాడు క్లాసులో వాయిస్ మార్చమని మనల్ని చితక్కొట్టారనుకోండి.

ఒక్క మచ్చ ఉంది. మాస్టారు సొంతంగా ఒక పాత్ర కలిపారు, శ్రీకాకుళం యాసలో. జనం దానికే ఎక్కువ నవ్వారు. మన డ్రిల్లు మాస్టారిది ఆ జిల్లాయే కదా, మర్నాడు నుంచి మాట మానేశారు. బ్రౌన్ మాస్టారు వాళ్ళింటికి వెళ్ళి వచ్చారు. వస్తూ దారిలో నాతో అన్నది ఒకటే, "తేలిగ్గా వచ్చే నవ్వురా అది."

తరవాత పదో తరగతి అయింది. ఇంటరు, ఐటీఐ, కువైట్, పెళ్ళి, పిల్లలు, ఇంగ్లండ్. వాటిలో మీకు పనికొచ్చేదేమీ లేదు.

లెస్టర్‌లో బస్సు డ్రైవరుగా చేరిన కొత్తలో డిపో క్యాంటీన్‌లో ఒక పెద్దాయనతో మాటల్లో ఆ కేసెట్ల ప్రస్తావన వచ్చింది. ఆయన టీ కప్పు దించి, "బ్రౌనా? ఆయన ఈ చుట్టుపక్కలే టాక్సీ నడిపేవాడు" అన్నాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. కాదు.

బ్యారీ ఎవాన్స్ 1943లో సర్రే జిల్లా గిల్‌ఫర్డ్‌లో పుట్టాడు. పసివాడిగా ఉన్నప్పుడే వదిలేస్తే అనాథాశ్రమం బళ్ళల్లో పెరిగాడు, ముందు ట్వికెనహమ్‌లో, తరవాత బిస్లీలో. బడి నాటకాల్లో పెద్ద వేషాలన్నీ అతనివే. పద్దెనిమిదో ఏట నటుడు జాన్ గీల్‌గుడ్ పేరుతో ఇచ్చే స్కాలర్‌షిప్పు గెలిచి లండన్ సెంట్రల్ స్కూల్ నాటక శిక్షణలో చేరాడు. మాస్టారికి ఫోన్లో ఇది చెబితే కాసేపు అవతల మాట లేదు. మాస్టారిదీ హాస్టలు చదువే అని మనలో ఎందరికి తెలుసు?

1968లో క్లైవ్ డానర్ తీసిన 'హియర్ వి గో రౌండ్ ద మల్బరీ బుష్'లో హీరో అతనే. స్టీవనేజ్ అనే కొత్త ఊళ్ళో అమ్మాయిల వెనక సైకిలు మీద తిరిగే కుర్రాడి వేషం. ఆ సినిమా కాన్ సినిమా ఉత్సవానికి వెళ్తే, ఫ్రాన్సులో అల్లర్ల వల్ల ఆ ఏడు ఉత్సవమే మధ్యలో ఆగిపోయింది. తరవాత టీవీలో 'డాక్టర్ ఇన్ ద హౌస్', వైద్య విద్యార్థుల అల్లరి. దాని మొదటి ఎపిసోడ్ రాసింది జాన్ క్లీస్, గ్రాహమ్ చాప్‌మన్. అందులో మైఖేల్ అప్టన్‌గా బ్యారీ ఇంటింటికీ తెలిసిపోయాడు. 1976లో 'అడ్వెంచర్స్ ఆఫ్ ఎ టాక్సీ డ్రైవర్' అనే సినిమాలోనూ హీరో. పిల్లలతో చూసే సినిమా కాదు కాబట్టి దాని గురించి ఇక్కడితో ఆపుతాను.

మన కేసెట్టులోని సీరియల్ 1977 డిసెంబరు 30న మొదలైంది. రాసింది విన్స్ పావెల్, తీసింది లండన్ వీకెండ్ టెలివిజన్. చూసేవాళ్ళు కోటికి పైనే. అయినా 1979తో ఆపేశారు. వేరే దేశాలవాళ్ళని వెక్కిరిస్తోందని ఆ సంస్థలో కార్యక్రమాల అధికారి మైఖేల్ గ్రేడ్ నిర్ణయం. నేనూ ఈ మధ్య మళ్ళీ చూశాను. కొన్ని చోట్ల నవ్వాను, కొన్ని చోట్ల డ్రిల్లు మాస్టారు గుర్తొచ్చారు. గ్రేడ్ చేసింది తప్పనను. కానీ రంజీత్‌గా వేసిన ఆల్బర్ట్ మోజెస్‌ది శ్రీలంక, అలీగా వేసిన డీనో షఫీక్‌ది ఢాకా, జమీలాగా వేసిన జమీలా మాసీ పుట్టింది సిమ్లాలో. ఆ రోజుల్లో ఇంగ్లండ్ టీవీలో మన రంగు మనుషులకి వారం వారం పని దొరికిన క్లాసు రూము ఇంకెక్కడుంది? రెండూ నిజమే, ఏది ఎక్కువ నిజమో నన్నడక్కండి.

1986లో ఇంకో పదమూడు ఎపిసోడ్లు తీశారు. అలీ లేడు, షఫీక్ 1984లోనే పోయాడు. బ్యారీకి ఆ తరవాత వేషాలు కరువయ్యాయి. నలభై దాటినా కుర్ర మొహమే, వయసుకి తగ్గ పాత్రకి సరిపోలేదంటారు. మాస్టారు రిమోట్ నొక్కి నొక్కి చూపించిన మొహమే అడ్డం పడింది. మనం వరండాలో చేగోడీలు తింటూ అతన్ని చూస్తున్న ఆ రోజుల్లో అతని చేతిలో చెప్పుకోదగ్గ పని లేదన్నమాట. 1993లో మన దూరదర్శన్‌లో పంకజ్ కపూర్‌తో 'జబాన్ సంభాల్‌కే' అని అదే క్లాసు హిందీలో నడుస్తూ దేశమంతా నవ్వింది. ఆ దశకంలోనే అసలు బ్రౌన్ ఇక్కడ లెస్టర్‌షైర్‌లో టాక్సీ స్టీరింగ్ పట్టుకున్నాడు.

1997 ఫిబ్రవరిలో, దొంగలెత్తుకుపోయిన అతని కారు దొరికిందని చెప్పడానికి పోలీసులు క్లేబ్రూక్ మాగ్నా అనే పల్లెలో ఇంటికి వెళ్తే మనిషి పోయి ఉన్నాడు. యాభై మూడేళ్ళు. ఎలా పోయాడో విచారణలోనూ తేలలేదు, కేసు 'ఓపెన్ వెర్డిక్ట్'తో ముగిసింది. ఒక సెలవురోజు నేనూ మా ఆవిడా అటు వెళ్ళాం. పొలాల మధ్య చిన్న ఊరు. ఏ ఇల్లో ఎవరినీ అడగలేదు, అడగబుద్ధి కాలేదు. మా ఆవిడ "ఈ ఊరు చూడ్డానికా ఇంత పెట్రోలు?" అంది. ఆయ్, న్యాయమే.

కమిటీ వాళ్ళు 'ప్రస్తుత హోదా' అని ఒక గడి పెట్టారు కాబట్టి రాస్తున్నాను. ఇప్పుడు నేను మా డిపోలో కొత్త డ్రైవర్లకి శిక్షకుణ్ణి. క్లాసులో గుజరాతీలు, సోమాలియావాళ్ళు, పోలండ్, రుమేనియా, ఒక పంజాబీ పెద్దాయన. తెలుగు మీడియం, ఇంగ్లీషులో ముప్ఫై ఎనిమిది మార్కుల నేను వాళ్ళకి ఇంగ్లీషులో చెబుతాను. మా అమ్మాయి ఈ ఏడు డాక్టరయింది. అది పుట్టి పెరిగిన యాస విని నవ్వే అర్హత ఇంట్లో ఎవరికీ లేదు. పోయినవారం రౌండెబౌట్ గురించి నేనడిగితే రుమేనియా కుర్రాడు ఒకడు అద్భుతమైన తిక్క సమాధానం చెప్పాడు. మార్కరు పట్టుకుని అలాగే నిలబడ్డాను. క్లాసు పడి పడి నవ్వింది. ఆ కుర్రాడు కూడా.

మాస్టారికి ఎనభై దాటాయి, చెవి కాస్త మందగించింది. ఫోన్ చేసినప్పుడల్లా "ఆ డాక్టర్ల సీరియల్ దొరికిందిట్రా?" అని అడుగుతారు. దొరికింది, డీవీడీల సెట్టు కొన్నాను. సంక్రాంతికి తెస్తున్నాను. మాస్టారింట్లో ప్లేయరు లేదు, ఆ పాత వీసీఆర్ మాత్రం అటక మీద ఉందట. బుడగా, మీ షాపులో పాత డీవీడీ ప్లేయరు పనిచేసేది ఒకటి చూసి పెట్టు. అక్షరాలు ఇంగ్లీషులో కింద పడేలా ఉండాలి. చేగోడీల ఏర్పాటు పండు గాడిది, వాడు మీసం పెంచుకునే రమ్మని చెప్పండి.